తెప్పలు కదిలే వేళ

పలాస స్టేషన్లో రైలు దిగి మెట్ల వంతెన ఎక్కుతుంటే ఇప్పటికీ ముందుగా పలకరించేది మనుషులు కాదు, కాలిన జీడిపిక్కల వాసన. గొంతులో కాస్త గరగరగా, ముక్కుకు కాస్త తియ్యగా ఉండే ఆ పొగ ఇదివరకటంత దట్టంగా లేదు, చాలా కార్ఖానాల్లో పిక్కలను ఆవిరితో ఉడకబెడుతున్నారు. అయినా గాలి ఊరి మీదుగా తిరిగిన పూట అది ప్లాట్‌ఫారం దాకా వస్తుంది. మా ఇంట్లోకి ఆ వాసన మొదటిసారి వచ్చింది మా నాన్న చెల్లెలు నీలమ్మత్త చీర కొంగులో.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల పేట. ముందు ఇసుక, వెనక ఉప్పుటేరు, పక్కన మొగలి పొదలు, వాటి అవతల కొబ్బరి తోటలూ జీడి తోటలూ. ఎండలు ముదిరేసరికి జీడిమామిడి పళ్లు ఎర్రగా, పచ్చగా రాలేవి. కొరికితే రసం కారి ఎన్నిసార్లు ఉతికినా పోని మరకలు గౌన్ల మీద పడేవి, నాలుక పిడచకట్టుకుపోయేది, అయినా మానేవాళ్లం కాదు. పండు తిని పిక్క దాచుకుని, ఇసుకలో గుంట తీసి పిక్కలాట ఆడేవాళ్లం; గెలిచినవాళ్లకు ఒడి నిండేది, ఓడినవాళ్లు ఏడుస్తూ ఇంటికి పోయేవాళ్లు. వానలు పట్టాక ఆట లేదు, చూరు కింద కూర్చుని చోడి అంబలిలో కాల్చిన ఎండు నెత్తళ్లు నంజుకుంటూ సముద్రం హోరు వినడమే. గంగమ్మ సంబరం నాడు పేటంతా గారెల నూనె వాసన, డప్పుల మోత. మా నానమ్మ మాత్రం పండగైనా పస్తైనా పొయ్యి ముందు కదలకుండా కూర్చుని, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ చుట్ట తియ్యకుండానే ఇంటిల్లిపాదినీ తిట్టేది.

పొద్దున్నే తెప్పలు కదిలే వేళ పేటలో ఒక కట్టడి ఉండేది. సముద్రం మీదికి బయలుదేరిన మగవాళ్లకు ముందుగా కంటపడే మనిషిని ఎదురు అనేవాళ్లు. నీళ్లబిందెతో ముత్తైదువ వస్తే మంచి ఎదురు, మొగుడు పోయిన ఆడది వస్తే చెడ్డ ఎదురు. అందుకని అలాంటి ఆడవాళ్లు ఆ వేళకు తలుపులు వేసుకుని లోపల ఉండేవాళ్లు. వాళ్లను ఎవరూ కొట్టి లోపల పెట్టలేదు. అలవాటు కొట్టే దెబ్బకు చప్పుడుండదు. చేప పడడానికీ పడకపోవడానికీ కారణాలైన గాలి, పోటు, నీటి వాలు అన్నీ సముద్రంలో ఉంటే, నేరం మాత్రం ఒడ్డున తలుపు తీసిన ఒక ఆడదాని నెత్తిన ఉండేది. దీన్ని జ్ఞానం అనేవాళ్లు, పైగా పెద్దల నాటిది అనేవాళ్లు. పాతబడినంత మాత్రాన అబద్ధం నిజం కాదని చెప్పే మనిషి అప్పటికి మా పేటలో లేడు.

నీలమ్మత్త మొగుడు కాళ్లూ మొహం వాచి, జబ్బు పేరు తెలియకుండానే పోయాడు. ఆమె మా ఇంటికి వచ్చేసింది. తిండికి లోటు లేదు, నాన్న పల్లెత్తు మాట అనేవాడు కాదు. వలలు కుట్టేది, నాకు జడ వేసేది, తెప్పల వేళకు తలుపు వేసుకునేది. ఆ తలుపు వెనక ఆమెకు ఏ ప్రమాదమూ లేదు, ఎవరి నోటా పడే పనిలేదు. ఉన్న చిక్కల్లా ఆ నిశ్చింతే. ఏడాది తిరిగేసరికి ఆమె గొంతు వంటింటి గోడ దాటి వినిపించడం మానేసింది.

అంతలో పలాసలో ఒక జీడి కార్ఖానాకు పిక్కలు కొట్టే ఆడవాళ్లు కావాలన్న కబురు వచ్చింది. బస్సు తెల్లవారుతూనే. ఆ బస్సు ఆగే చోటుకు తెప్పల పక్కనుంచి, ఇసుక మీదుగా తప్ప దారి లేదు.

“మద్దేనం బస్సుకి ఎల్లకూడదేటే?” అంది నానమ్మ.

“మద్దేనం ఎల్తే పనైపోద్ది గదమ్మా.”

“నీకేటి తక్కువైంది? అన్న కూడెడతన్నాడు గదా.”

“కూడు తక్కువవనేదమ్మా, నానే తక్కువైపోతన్నాను.”

నాన్న వల మడతపెడుతూ అన్నాడు: “రేపు వల కాళీగా వత్తే నన్ను తెప్పెక్కనివ్వరే, సెల్లీ.”

“ఇన్నాళ్లూ తలుపేసుకునే ఉన్నాను గదన్నా. కాళీ వలలు రానేదేటి?”

నాన్న మడతపెట్టిన వలను విప్పి మళ్లీ మడతపెట్టాడు. ఆయన భయం ఆయనది. తెప్ప ఒక్కటే మా ఇంటి పొయ్యి వెలిగించేది. ఆ రాత్రి వద్దనీ అనలేదు, వెళ్లమనీ అనలేదు.

తెల్లారి నేను నాన్న అంబలి కుండ పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. నలుగురు తెప్ప తోయబోతున్నారు. అత్త క్యారేజీ చంకన పెట్టుకుని, తల వంచకుండా, అలాగని ఎగరెయ్యకుండా, ఎప్పటి నడకతోనే ఇసుక మీద వస్తోంది. నాన్నతో తెప్ప పంచుకునే గున్నయ్య, ఆమెకు వరసకు మావ, ముందు చూశాడు.

“ఒలే నీలమ్మా! ఆగెహె! తెప్ప నీట్లో పడనీ!”

“బస్సాగదు మావా. తెప్ప నీది గదా, నువ్వాపుకో.”

ఎవడో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. మగవాళ్లు తెప్ప వదిలేసి ఇళ్లకు పోయి, మంచినీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయలుదేరినట్టు వచ్చారు. నాన్న నా వైపు చూడకుండా కుండ అందుకున్నాడు. ఆ పూటంతా ఆడవాళ్లు నీళ్లకు పోతూ మా గుమ్మం ముందు నడక నెమ్మది చేశారు. నానమ్మ చుట్ట ఆరిపోయినా మళ్లీ వెలిగించలేదు.

తెప్ప ఒడ్డుకు తగిలేసరికి వల నిండా చిన్న చిన్న కవ్వళ్లు, వాటి మధ్య రెండు పెద్ద వంజరాలు.

సాయంత్రం అత్త వచ్చింది. పిక్కల్లోంచి కారే జీడి అంటకుండా బూడిద రాసుకున్నా వేళ్లు నల్లబడ్డాయి, చీరంతా పొగ వాసన. వెనకే గున్నయ్య ఒక వంజరం పట్టుకుని వచ్చాడు.

“నీ ఎదురు మంచిదే, పిల్లా. రేపట్నుంచి రోజూ మేం తెప్ప తోసే యేలకి నువ్వే ముందు రావాల. వత్తావా?”

నానమ్మ మొహం విచ్చుకుంది. మా పేటలో మొగుడు పోయిన ఏ ఆడదానికీ అలాంటి పిలుపు రాలేదు. అత్త చేతులు కడుక్కోవడం ఆపలేదు.

“ఇయ్యాల పడ్డ సేప నా వల్లయితే, రేపు పడని సేపా నా వల్లే అవుతాది మావా. ఆ రెండూ నాకొద్దు. నాను బస్సుకి ఎల్తన్నాను గాని నీ తెప్పకి ఎదురు రావట్నేదు.”

“మరి యీ సేపేటి సెయ్యనే?”

“సేపేటి పాపం సేసింది? ఇలా తే, పులుసెడతాను. నువ్వూ తినెల్లు.”

నిందను కాదనడానికి రోషం చాలు. మెప్పును కాదనడానికి బుద్ధి కావాలి. తలుపు వెనక చోటు వదిలి వచ్చిన మనిషికి ఊరు అప్పటికప్పుడు ఇంకో పీట వేసింది, మొదటిదానికన్నా మెత్తటిది. ఆమె దాని మీదా కూర్చోలేదు. తర్వాత వలలు ఖాళీగా వచ్చిన రోజులు వచ్చాయి, ఆమెను చూసి ఉమ్మినవాళ్లు ఉన్నారు, నిండుగా వచ్చిన రోజున లక్ష్మి అన్నవాళ్లూ వాళ్లే. ఆమె నడక రెండింటికీ మారలేదు. నాన్నను తెప్ప ఎక్కనివ్వనన్నవాడు లేడు. కొన్నాళ్లకు చూడడమే మానేశారు. బస్సు బోర్డుల మీద అక్షరాలు ఆమెకు ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. కార్ఖానాలో విన్న హాస్యాలు ఇంటికి తెచ్చి, వీధి చివరికి వినపడేలా నవ్వేది. నన్ను టెక్కలి కాలేజీలో చేర్చాలని పట్టుబట్టింది ఆమే. అక్కడి చర్చావేదికల మీద శకునాల గురించి నేను చాలా మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. గున్నయ్యకు ఆమె చెప్పిన జవాబుకు సరితూగే వాదన మాత్రం ఇప్పటికీ నా దగ్గర లేదు.

ఇప్పుడు ఆ పేటలో తెప్పలు లేవు. ఇంజన్ బోట్లు ఏ వేళకైనా పోతాయి. వాటి ముక్కుకు నిమ్మకాయలు కట్టడం మానలేదు. పిక్కలాట తెలిసిన పిల్లలు కనబడలేదు, మొగలి పొదలు కొట్టేశారు, అడ్డపొగ తాగే ముసలమ్మలు పోయారు. తలుపులు వేసుకోవడమూ పోయింది. అది మా వాదనల గెలుపని రాయాలని ఉంది గానీ రాయలేను. నీలమ్మత్త మొగుణ్ణి తీసుకుపోయిన జబ్బుకు ఇప్పుడు కిడ్నీ అనే పేరు తెలుసు, అది ప్రతి వీధిలోనూ మగవాళ్లను తీసుకుపోయింది. ఆ ఇళ్ల ఆడవాళ్లందరూ పొద్దున్నే లోపల కూర్చుంటే పేటలో పని చేసేవాళ్లు మిగలరు.

మొన్న వెళ్లినప్పుడు గున్నయ్య మనవరాలు రోడ్డు మీద క్యారేజీతో నిలబడి ఉంది. మొగుడు పోయి ఏడాది కాలేదు, పలాసలో పనికి వెళుతోంది. పొద్దున్నే ఇలా వస్తుంటే ఎదురని ఎవరూ అనరా అని అడిగాను.

“ఎదురేటి పిన్నీ?” అంది అర్థంకాక. అంతలోనే నా మోచెయ్యి పట్టుకుని లాగింది. “ఎదురుగా ఆటో వత్తంది, పక్కకి రా!”

ఆటో ఆగింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది.