కాగజ్‌నగర్ సిస్టర్ల కాలేజీకి మా అక్క ప్రయాణం

"పద్మను ఇంటికి తోల్కొద్దాం పా తమ్మీ" అని మా అక్క పొద్దుగాల్నే నా ఇంటి ముందట నిలవడ్డది. పద్మ ఆమెకు ఒక్కతే బిడ్డ. కాగజ్‌నగర్‌ల క్రైస్తవ సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీల డిగ్రీ చదువుతున్నది. దసరా సెలవులకొచ్చినప్పుడు "నేను గూడ సిస్టర్ లెక్క అయిత" అన్నదట. గా మాట ఇన్నకాన్నుంచి, బిడ్డ పెండ్లి గాకుంట మఠంల ఉండిపోతదని అక్కకు నిద్ర లేదు. బావ దుబాయిల ఉన్నడు. తోడు పోవాల్సింది నేనే. ఎనభైల నాటి ముచ్చట ఇది.

వేములవాడల మొదటి బస్సెక్కి కరీంనగర్, ఆడ ఇంకో బస్సు మారి పెద్దపల్లి చేరినం. ఆ దారిన పోయెటోళ్ళకు ఒక మాట: పెద్దపల్లి టేషన్ల చాయ్ మంచిగుంటది, ప్యాసింజర్ బండి మాత్రం ఎప్పుడొస్తదో దానికే తెల్వది. తొమ్మిదింటి బండి పదిన్నరకొచ్చింది. అక్క కరీంనగర్ దాటి రావుడు అదే మొదలు. అయినా బండెక్కంగనే కిటికీ సీటు పట్టి, ఎదురుంగ కూసున్నాయనకు తన పరేషానంత చెప్పింది. ఆయన కాగితం మిల్లుల పని చేస్తడు.

"మా బిడ్డ గూడ ఆడ్నే చదివిందమ్మా. సిస్టరేం గాలే" అన్నడు. "కని ఐదింటికే ఇంట్ల అందర్ని లేపుతది. గదొక్కటే బాధ."

అక్క నవ్వలే. నేను మూతికి తువ్వాల అడ్డం పెట్టుకున్న.

కాగజ్‌నగర్‌ల దిగంగనే మిల్లు వాసన ముక్కుకు తగిలింది. రిక్షా మాట్లాడుకొని కాలేజీకి పోయేసరికి పగటి అన్నం యాళ్ళయింది. ప్రిన్సిపాల్ సిస్టర్ కేరళ మనిషి, తెలుగు ఈడ్నే నేర్చుకున్నది. అక్క చెప్పిందంత విని, "తీస్కపో అమ్మా, మేం ఆపం. ముందుగాల అన్నం తినుండ్రి" అన్నది.

కొట్లాటకు కొంగు నడుముకు చెక్కుకొని వచ్చిన మనిషి, చేసేదేంలేక పోయి పీటమీద కూసున్నది. అన్నం, పప్పుచారు, వంకాయకూర. "కారం లేదు" అనుకుంటనే అక్క రెండుసార్లు పెట్టించుకున్నది. పద్మ వచ్చి పక్కన కూసున్నది గని మెతుకు ముట్టలే.

"నువ్వు సిస్టరైతవా, కావా? చెప్పు."

"గది నాకింక తెల్వదవ్వా. చదువు మాత్రం ఇడిసిపెట్టి రాను."

అక్క సిస్టర్ దిక్కు తిరిగింది. "మరి నువ్వు సిస్టరైతుంటె నిన్ను కన్న అవ్వ ఎట్ల ఊకున్నది?"

"ఊకోలే. మఠం కాడికొచ్చి రెండు దినాలు కూసున్నది, అన్నం ముట్టలే. ఆఖరికి నేనే ఏడ్సిన. గప్పుడు నా కండ్లు తుడిచి, ఉండు బిడ్డా అని పోయింది."

"ఇప్పుడు మంచిగ మాట్లాడుతదా?"

"సెలవులకు పోత గద. ఇంటికెప్పుడొస్తవని ఇంకా అడుగుతది."

అక్క లేచి ఎంగిలిచెయ్యి కడుక్కొచ్చి, కొంగుకు తుడుచుకున్నది. ఆఖరికి, "డిగ్రీ అయ్యేదాక నా బిడ్డకు దేవుని ముచ్చట్లు చెప్పకు సిస్టరమ్మా" అన్నది.

"నేను చెప్పేది కెమిస్ట్రీనమ్మా. గదే ఎక్కుతలేదు."

పద్మ తల వంచుకున్నది. ఆ దినం అక్క నవ్వింది అప్పుడే.

పద్మను ఆడ్నే ఉంచి మాపటి బండెక్కినం. ఆడపిల్లను చదివించాలనుకునేటోళ్ళు గా కాలేజీ ఒకసారి చూసి రాండ్రి. కూర జర చప్పగుంటది, అంతకుమించి నాకేం లోపం కనవడలే. మంచిర్యాల దాటినంక, గోదావరి బ్రిడ్జి మీద అక్క నోరు తెరిచింది.

"సిస్టరమ్మ వాళ్ళవ్వ ఊరెంత దూరం తమ్మీ?"

"కేరళ అక్కా. రైల్ల రెండు దినాలు పడుతది."

"నా లెక్క ఆమెకు గూడ తన బాధ చెప్పుకుందామంటె ఎవరన్న ఉన్నరో లేరో" అన్నది. "ఎండకాలం సెలవులల్ల సిస్టరమ్మ ఎంబడి పోయి ఆ అవ్వను చూసొస్త. నువ్వొస్తవా, నన్నొక్కదాన్నే పొమ్మంటవా?"