గుట్టలో చోటు దొరకని బ్రెకా

మా ఆయన అక్క బ్రెకా పోయి ఏడాదయింది. మాలో చచ్చినవాళ్లందరూ ఉండే రాతిగుట్టలో ఆమె ఒక్కతే లేదు. ఆ గుట్ట కట్టినవాళ్లలో ఆమె ఒకతె.

చిన్నప్పుడే గోతిలో దిగి, దుప్పికొమ్ముతో సున్నపురాయి పెళ్లగించి, గంపల్లో మోసిందట. వాకిలి మూసే పలకరాయిని వాగుగట్టున చూసి చెప్పిందీ ఆమే. తర్వాత నది అవతలికి కోడలిగా వెళ్లింది. పిల్లలు పుట్టలేదని వాళ్లు ఒక ఆవునిచ్చి వెనక్కి పంపేశారు.

నేను ఈ ఇంటికి వచ్చాక గింజలు నూరడం నేర్పింది ఆమే. నా పిల్లలు ఆమె ఒళ్లోనే పెరిగారు.

"కాసేపు నడుం వాల్చు వదినా" అంటే, "గుట్టలో వాలుస్తాలే. పలకరాయి పక్కన, గాలి తగిలే చోట. మా అమ్మని మాత్రం లోపలికి జరపండే, ఆవిడ గురక పడలేను" అనేది.

చలికాలం దగ్గుతో పోయింది. తోలులో చుట్టి వాకిలి దాకా మోయించాను. మా మామగారి అన్న, పెద్దమామయ్య, పలకరాయికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆడపిల్ల మెట్టినచోటి గుట్టే ఆమెది."

"వాళ్లు వెళ్లగొట్టారు కదా మామయ్యా."

"అది వాళ్ల పాపం."

"నేను మాత్రం ఇక్కడ పుట్టానా?"

"నువ్వు మాకు కొడుకుల్ని కన్నావు. నీ ఎముకలు మావే."

"ఏమయ్యా, నీ అక్క" అన్నాను మా ఆయనతో. ఆయన అక్కను వాకిలి పక్కన దించాడు.

వాళ్ల గుట్టలో చోటిమ్మని నది అవతలికి కబురు పెట్టాం. "ఆవునిచ్చాం కదా, ఇంకేం కావాలి?" అన్నారట.

చివరికి గుట్ట పక్కన, ఆమె రాయి తవ్విన గోతిలోనే పెట్టి మట్టి కప్పారు. వానాకాలం అక్కడ నీళ్లు నిలుస్తాయి.

మొన్న పెద్దమామయ్య పోతే గుట్ట తెరిచారు. ఆయన్ని పలకరాయి పక్కనే, గాలి తగిలే చోట పడుకోబెట్టారు. మా అత్త ఎముకలు లోపలికి జరిపారు. పెద్దకొడుకు నన్ను పిలిచి చూపించాడు.

"అమ్మా, ఇది నీ చోటు."

"నన్ను గోతిలో పెట్టరా, మీ బ్రెకా అత్త పక్కన."

"అదెలా కుదురుతుందమ్మా? నువ్వు మా మనిషివి" అన్నాడు, నవ్వుతూ.

వాడికి మొదటి గంజి తాగించింది బ్రెకానే. పలకరాయికి వాడే భుజం ఆనించి వాకిలి మూశాడు.