తలుపు బయట కూర్చున్నవాళ్లు

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చినప్పుడు నేను ఒక ట్రస్టు నడిపే ఉచిత అంబులెన్సు సర్వీసులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. మా కంట్రోల్ రూమ్ హైదరాబాద్‌లో ఉండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి మా నంబరుకు ఎవరు ఫోన్ చేసినా అక్కడే మోగేది. ఫోన్ ఎత్తి, వివరం అడిగి, దగ్గరున్న బండిని పంపేవారిని కాల్ టేకర్లు అనేవాళ్లం. వారిలో సగం మంది నల్లగొండ వైపు ఊళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారు.

పుష్కరాలు మొదలవగానే ఆ బస్సులన్నీ ఘాట్ల బాట పట్టాయి. విజయవాడ హైవే మీద కార్లు కదలకుండా నిలబడిపోయాయి. పొద్దున షిఫ్టుకు రావలసినవాళ్లు భోజనాల వేళ దాటాక చెమటలు కక్కుతూ వచ్చారు. ఫోన్లకు పుష్కరాల సెలవు ఉండదు కదా! రాలేని వాళ్లు ఇంటి నుంచే కాల్స్ తీసుకునే ఏర్పాటు చూడమని మేనేజర్ నాకు అప్పగించారు.

ఇలాంటి పని చెప్తే నాకు మహా హుషారు. బైకు మీద ఇంటింటికీ తిరిగి సిగ్నల్ చూశాను, కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతుందో చూశాను, ల్యాప్‌టాపులూ హెడ్‌ఫోన్లూ స్వయంగా అమర్చి వచ్చాను. అందరికీ ఒకే షరతు: కాల్‌లో ఉన్నంతసేపు గది తలుపు లోపల గడియ వేసి ఉండాలి. ఫోన్ చేసినవారి పేరు, జబ్బు మూడో మనిషి చెవిన పడకూడదు. మా వృత్తిలో అది అన్నింటికన్నా ముందు నేర్పే నియమం.

అలా ఇంటి నుంచి పనిచేసిన వారిలో స్వరూప ఒకరు. మా షిఫ్టులో ఆమె అంత నిదానంగా మాట్లాడేవాళ్లు లేరు. ఊరు నార్కట్‌పల్లి నుంచి కాస్త లోపలికి. నేను ల్యాప్‌టాప్ పెట్టడానికి వెళ్లిన రోజు వాళ్లమ్మ వాకిట్లో నిలబడి దారిన పోయేవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంది: "గిప్పటి సంది అంబులెన్సు మా ఇంట్లకెల్లే నడుస్తది." పక్కింటి మల్లయ్య లోపలికి తొంగిచూసి, "గింత డబ్బల అంబులెన్సు ఎట్ల వట్టింది సారూ?" అని నన్ను ఆటపట్టించాడు. నేనూ నవ్వాను.

మూడు నాలుగు రోజులు పని సాఫీగా సాగింది. తరువాత ఒక మధ్యాహ్నం అమ్రాబాద్ అడవిలోని ఒక గూడెం నుంచి కాల్ వచ్చింది. తొలి కాన్పు, నొప్పులు మొదలయ్యాయి. ఫోన్ చేసినవాడు భర్త. స్వరూప వివరాలు తీసుకుని అమ్రాబాద్ బండిని పంపింది. కాన్పు కేసుల్లో బండి చేరేదాకా కాల్ టేకర్ లైన్ వదలకూడదు. సూపర్‌వైజర్ ఏ కాల్‌నైనా వినవచ్చు కనుక కంట్రోల్ రూమ్ నుంచి నేనూ వింటున్నాను. అటువైపు సిగ్నల్ బలహీనం. ఆమె గొంతు పెంచి చెప్పిందే చెప్పవలసి వచ్చింది.

"బండి బయల్దేరింది, ఫికర్ చెయ్యకుండ్రి. ఎడమ పక్కకు పండవెట్టుండ్రి. లేవనియ్యకుండ్రి. ఉతికిన బట్టలు దగ్గర వెట్టుకోండ్రి. అందరు చుట్టు మూగకుండ్రి, ఒక్కరే ఉండుండ్రి."

అరగంటకు దగ్గరగా అదే వరస. చివరికి బండి గూడెం చేరింది. కాల్ ముగిశాక కాల్ టేకర్ సూపర్‌వైజర్‌కు రిపోర్టు చెప్పాలి. స్వరూప నాతో లైన్లోనే ఉండి, గాలి కోసం కాబోలు, లేచి తలుపు తీసింది. గడియ చప్పుడు నాకు వినిపించింది. ఆ వెంటనే మల్లయ్య గొంతు.

"అయిపోయిందా బిడ్డా? బండి యాడిదాక వచ్చింది?"

"ఏం బండి, పెద్దబాపు?"

స్వరూప బయటికి పరుగెత్తిన అడుగుల చప్పుడు, ఆ వెనకే ఆమె కేక. "సార్, యాదగిరన్న... పాము గరిచిందట. అరుగు మీద పండవెట్టిండ్రు. ఎడమ పక్కకు పండవెట్టిండ్రు సార్!"

యాదగిరి మల్లయ్య కొడుకు. పత్తి చేనులో నాగుపాము కరిచింది. మనుషులు మోసుకుని నేరుగా స్వరూప ఇంటికి తెచ్చారు. స్వరూప తల్లి కలుపుకు పోయింది, ఇంట్లో ఇంకెవరూ లేరు. మూసిన తలుపు వెనక నుంచి బండి బయల్దేరిందన్న మాట వినబడింది. పిల్ల కిటికీలోంచి చూసే ఉంటుంది, మన కోసమే చెప్తోందనుకున్నారు. చెప్పింది చెప్పినట్టే చేశారు. యాదగిరి భార్య ఉతికిన చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిగిలినవాళ్లు దూరంగా జరిగి నిలబడ్డారు. పనిలో ఉన్న పిల్లను కదిలించొద్దని ఎవరూ తలుపు కూడా తట్టలేదు.

నేను నా తెర వైపు చూశాను. కేసు మీద ఉన్న బండి ఎర్ర చుక్క, ఖాళీగా ఉన్నది పచ్చ చుక్క. పుష్కర యాత్రికుల కోసమని నార్కట్‌పల్లి కూడలిలో నిలిపిన బండి పచ్చగా వెలుగుతోంది. ఆ మధ్యాహ్నమంతా దానికి ఒక్క కేసు లేదు. స్వరూప ఊరు అక్కడికి కొద్ది నిమిషాల దారి. నేను బటన్ నొక్కినప్పుడు డ్రైవర్ చాయ్ తాగుతున్నాడట.

స్వరూప మళ్లీ కాల్ టేకర్ గొంతులోకి వచ్చింది. "రెప్పలు వాలుతున్నయ్ సార్. మాట ముద్దగ వస్తాంది." కాన్పు కేసులాగే దీంట్లోనూ బండి వచ్చేదాకా లైన్ వదలలేదు. ఈసారి ఆమె చేయి అతని చేతిలోనే ఉంది.

యాదగిరి బతికాడు. నల్లగొండ దవాఖానలో వెంటిలేటర్ మీద పెట్టవలసి వచ్చింది. కదలకుండా పడుకోబెట్టడం మేలు చేసిందని డాక్టర్ అన్నారు. అది విని నాకు సంతోషం కలగలేదు. ఎక్కడో అడవిలోని ఆడమనిషికి చెప్పిన మాట ఇక్కడ ఈ మనిషికి అక్కరకు వచ్చింది. రాకపోయి ఉంటే?

దవాఖాన వరండాలో మల్లయ్యను అడిగాను, చేతిలో ఫోన్ ఉండి నంబరు ఎందుకు కొట్టలేదని. అతనికి నా ప్రశ్నే వింతగా తోచింది. "ఫోన్ జేస్తే ఎత్తేది గా పిల్లనే గద సారూ. పిల్ల ఇంటికాడనే ఉండె. ఇగ ఫోనెందుకు?"

నేను కంట్రోల్ రూమ్‌కు తిరిగి వచ్చి నియమాల కాగితం బయటికి తీశాను.

తలుపు నియమం మేం తీసేయలేదు. తలుపు బయట ఇంటి మనిషి ఒకరు తప్పక కూర్చోవాలని, వచ్చినవాళ్లతో అక్కడికక్కడే నంబరుకు ఫోన్ చేయించాలని చేర్చాం. నేను రిటైరయ్యే ముందు కరోనా వచ్చి అందరినీ మళ్లీ ఇళ్లకు పంపవలసి వచ్చింది. ఆ సారి సిగ్నల్ గురించి, ఇన్వర్టర్ గురించి తర్వాత అడిగాను. ముందు ఒక్కొక్కరినీ ఒకటే అడిగాను: నువ్వు చేసే పని మీ ఊళ్లో ఎందరికి తెలుసు? "ఊరందరికీ తెలుసు సార్" అని సంబరంగా చెప్పినవాళ్ల ఇళ్లకు నేను ల్యాప్‌టాప్ పంపలేదు.