దుబాసీ మార్చిన మాట

ఆ దీవిని పరాయి దొరలు ఏలిన కాలంలో ఆయన కోర్టులో మాటలు తర్జుమా చేసే దుబాసీ. ఇరవై ఏళ్లపాటు దొర వేసిన శిక్షలన్నీ జనం ఆయన గొంతులోనే విన్నారు. అందుకని ఊళ్లో ఆయనకు 'దొర నాలుక' అనే పేరు పడింది.

ఒకనాడు సొంత అక్క మొగుణ్ణే బోనులో నిలబెట్టారు. కొత్త రేవు కోసం జాలరుల ఇళ్లు కూల్చబోతే ఆ మనిషి అడ్డంగా పడుకున్నాడు.

"ఈ ఒడ్డు మా తాతలది. మళ్లీ వస్తే మళ్లీ పడుకుంటానని చెప్పు మీ దొరకి," అన్నాడు బావ.

దుబాసీకి తెలుసు, ఉన్నదున్నట్టు చెబితే పదేళ్లు పరాయి దేశపు జైలు ఖాయం. "తప్పయింది, పిల్లలు గలవాణ్ణి, క్షమించమంటున్నాడు" అని దొర భాషలో చెప్పేశాడు. జడ్జి ఆరు నెలలతో సరిపెట్టాడు.

విడుదలయ్యాక బావకు కోర్టు బంట్రోతు నోట సంగతి తెలిసింది. "నన్ను కాపాడలేదు నువ్వు, నా పరువు తీశావు," అని బావమరిదిని గడప తొక్కనివ్వలేదు. అక్క ఇద్దరి మధ్యా నలిగిపోయింది.

ఏళ్లు గడిచి, దొరలు ఓడలెక్కి వెళ్లిపోయాక, ముసలి దుబాసీ కోర్టుకు వెళ్లి, ఆనాడు బావ నిజంగా అన్నదేమిటో, పదేళ్ల శిక్షకు భయపడి తానెలా మార్చాడో ప్రమాణం చేసి రాయించాడు.

"మీ మీదే కేసవుతుందండీ," అన్నాడు గుమాస్తా.

"అయితే కానీ బాబూ, ముందు రాయి."

ఆ కాగితం నకలు పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. బావ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"నిజంగా పదేళ్లు పడేదా?"

"పడేది బావా."

బావ ఆ కాగితాన్ని మడిచి దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత వంటింటి వైపు తిరిగి, "మీ తమ్ముడొచ్చాడు, అన్నం పెట్టు," అన్నాడు.