ఆఖరున వచ్చిన గుర్రం

పోయినవారం శనివారం మా ఆవిడను నలుగురిలో నవ్వులపాలు చేశాను. మోకాళ్ళ నొప్పులకు జీపీ డాక్టరు నడవమన్నాడని మొదలుపెట్టి, చలికాలమంతా ఇంగ్లండులోని మా షెఫీల్డ్ ఎత్తుపల్లాల్లో ఒంటరిగా సాధన చేసి, ఆ రోజు మొదటిసారి మా పార్కులో వారం వారం జరిగే ఐదు కిలోమీటర్ల పరుగుకు వచ్చింది. అందరూ చేరుకున్నాక, జెండాలు చుట్టేయకుండా ఆమె కోసమే ఆగిన వాలంటీర్ల మధ్య నిలబడి ఉంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఒగరుస్తూ ఆమె గీత దాటగానే, పక్కనున్న మన తెలుగు స్టూడెంట్స్ "ఆంటీ, సూపర్!" అని చప్పట్లు కొట్టారు. నేను ఊరుకోవచ్చుగా. "ఇంకాసేపు ఆగుంటే మీ ఆంటీ వచ్చే శనివారం పరుగులో ఫస్టొచ్చేదిరా" అన్నాను. వాళ్ళు నవ్వారు, ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చి, కొత్త బూట్లు విప్పి, చారిటీ షాపుకిచ్చే పాత బట్టల సంచిలో పడేసి, "ఇక నేను రానండీ" అని మేడమీదికి వెళ్ళిపోయింది.

ఒక్కణ్ణే వంటింట్లో కూర్చుంటే, ఎన్నో ఏళ్ళ కిందటి మంగోలియా కళ్ళముందుకొచ్చింది.

మన వయసువాళ్ళకు తెలుసు, ఉద్యోగాల్లో చేరిన కొత్తలో కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి సూట్‌కేసు పట్టుకుని పోయేవాళ్ళం. నన్ను సెల్‌ఫోన్ టవర్ల పనిమీద అక్కడికి పంపారు. వేసవి పండుగకు ఊరంతా ఖాళీ అయిపోతే, గదిలో ఒక్కణ్ణే మిగిలానని జాలిపడి ఆఫీసు డ్రైవరు తన అక్కగారింటికి తీసుకెళ్ళాడు. ఇల్లంటే గడ్డి మైదానం మధ్య తెల్లటి గుండ్రని గుడారం, చుట్టూ గొర్రెలు, గుర్రాలు. నేనెవరినో, ఎన్నాళ్ళుంటానో ఎవరూ అడగలేదు, ముందు ఉప్పు వేసిన పాల టీ గిన్నె చేతికిచ్చారు. నేను మాంసం తిననని డ్రైవరు చెబితే ఆ అక్క తెల్లబోయి, మరి ఇన్నాళ్ళూ ఎలా బతికున్నాడని అడిగిందట. కాసేపు ఆలోచించి, బియ్యం ఉడికించి, దాని మీద ఇంట్లో తోడుపెట్టిన పెరుగు పోసింది. నెలల తరబడి పెరుగన్నం మొహం చూడని నేను కళ్ళు తుడుచుకుంటే, ఉప్పు చాలలేదేమోనని మరికాస్త వేసింది.

మర్నాడు పోటీలు. కుస్తీలో ఓడినవాడు గెలిచినవాడి చేతి కిందుగా వంగి వెళ్ళేవాడు, గెలిచినవాడు గద్ద రెక్కల్లా చేతులు చాచి ఆడేవాడు. గుర్రప్పందేలైతే ఎక్కడో కనుచూపుమేరకు అవతల మొదలై, ముందు దుమ్ముగా మాత్రమే కనబడేవి. రెండేళ్ళ గుర్రాల పందెంలో ఆ అక్కగారి గుర్రమూ ఉంది, దాని మీద ఆమె చిన్న కూతురు. అన్నీ వచ్చేశాయి, దుమ్ము కూడా సర్దుకుంది, అప్పుడు వచ్చింది అది. ఆ అక్క ముఖం చూడలేక నేను కెమెరా సంచి సర్దుకుంటున్నట్టు నటించాను. కానీ జనం కదల్లేదు సరికదా, ఆ గుర్రం చుట్టూ మూగారు. ఓ ముసలాయన గొంతెత్తి పాట అందుకున్నాడు. తప్పు నీది కాదు, దారంతా రాళ్ళు, కళ్ళెం సరిగా అమరలేదు, పైనున్నది పసిపిల్ల, వచ్చే ఏడు అందరూ నీ దుమ్మే చూస్తారు అని దాని అర్థమట. ఆఖరున వచ్చిన లేత గుర్రానికి అక్కడ 'నిండు పొట్ట' అని దీవెనలాంటి బిరుదు కూడా ఇస్తారని డ్రైవరు చెప్పాడు. ఆ అక్క పులిసిన గుర్రప్పాలు దాని వీపున చిలకరించి, గిన్నె మా అందరికీ తిప్పింది. గెలిచిన గుర్రాల వాళ్ళ ముఖాల్లో కూడా నేను అంత వెలుగు చూడలేదు.

ఈ కథ నేను ఎన్ని విందుల్లో చెప్పి మెప్పు పొందానో లెక్కలేదు. మా ఆవిడకైతే కంఠతా వచ్చు. అందుకే ఆ సాయంత్రం మేడమీదికి వెళ్ళి, తప్పయిపోయింది, మన్నించు అంటే, ఆమె బట్టలు మడతపెట్టడం ఆపకుండా ఒక్కటే అడిగింది. "గుర్రానికైతే పాట, నాకైతే జోకా అండీ?"

ఎదుటివాళ్ళ ఓటమి చూస్తే నాకు సిగ్గేస్తుంది, సిగ్గేస్తే వెటకారం వస్తుంది, ఈ వయసుకీ అది పోలేదు. కాలమూ అలాగే ఉంది. పరుగెత్తినవాళ్ళకు ఊపిరి అందేలోపే ఎన్నో స్థానమో ఫోనులో వచ్చిపడుతోంది, ఆ మైదానంలోకీ ఈపాటికి మేం వేసిన టవర్ల నుంచి అలాంటి లెక్కలే చేరుతుంటాయి. ఆఖరి గుర్రం కోసం అంతసేపు నిలబడే ఓపిక అక్కడైనా మిగిలిందో లేదో.

నిన్న మళ్ళీ శనివారం. సంచిలోంచి బూట్లు తీసి, తుడిచి, గుమ్మం దగ్గర పెట్టాను, రమ్మని మాత్రం అనలేదు. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, తొడుక్కుంది. పార్కులో ఆ స్టూడెంట్స్ అందరి ముందూ, పోయినవారం నేనన్నది సిగ్గుమాలిన మాట అని చెప్పాను. వాళ్ళు "అయ్యో, పర్లేదంకుల్" అని ఇబ్బంది పడ్డారు. ఆమె వినీ విననట్టు బూట్ల లేసులు బిగించుకుంది. తర్వాత నేనూ ఆమె పక్కన పరుగుకు నిలబడ్డాను. మొదటి ఎత్తులోనే నాకు ఆయాసం వచ్చి ఆగిపోయాను. ఆమె మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, నేను పొమ్మని చెయ్యి ఊపగానే, ముందుకు సాగిపోయింది.