మూత తియ్యని టిఫిన్ డబ్బా

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, నన్ను వరంగల్ ట్రాఫిక్ విభాగంలో యార్డు ఇన్‌చార్జి ఏఎస్సైగా వేశారు. నో పార్కింగ్‌లో నిలిపిన బండ్లను క్రేన్‌తో ఎత్తుకొచ్చి ఉంచే చోటు అది. ఆ పోస్టింగ్ అంటే మా వాళ్లకు శిక్ష. నాకు అలా అనిపించలేదు. తప్పిపోయిన పొరుగువాడి ఎద్దు నీ ఇంటికొస్తే, అతడు వెతుక్కుంటూ వచ్చేదాకా భద్రంగా ఉంచి అప్పగించాలని సండేస్కూల్లో నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ ఎద్దు స్థానంలో కారు.

కారును ఎత్తేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఉన్న సొట్టలు, గీతలు రాయాలి. అద్దం దించి ఉంటే సామాన్లను సాక్షుల ముందు బయటికి తీసి, జాబితా రాసి, ఆఫీసు బీరువాలో పెట్టాలి. యజమాని ఆ జాబితాతో సరిచూసుకుని సంతకం చేశాకే బండి గేటు దాటుతుంది.

ఒక మంగళవారం హన్మకొండలోని స్కానింగ్ సెంటర్ ముందు నుంచి పాత తెల్ల కారు వచ్చింది. వెనుక అద్దం సగం దించి ఉంది. లోపల గొడుగు, సీటు కింద మూడు గిన్నెల టిఫిన్ డబ్బా. ‘గొడుగు ఒకటి, అన్నం టిఫిన్ ఒకటి’ అని నేనే రాశాను.

మధ్యాహ్నానికి బీరువాకు చీమలు పట్టాయి. కానిస్టేబుల్ సమ్మయ్య డబ్బా పట్టుకుని చెత్తకుండీ వైపు బయల్దేరాడు.

“పులిసిపోయింది సార్. పారబోసి కడిగి పెడ్త.”

“ఓనర్ లేంది మూత తియ్యొద్దు సమ్మయ్యా.”

“బువ్వకు గూడ పహారానా సార్? మీ చర్చి నియమాలు చీమలకెట్ల తెలుస్తయ్?” అని నవ్వుతూనే డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టాడు.

గంట తర్వాత ఒకాయన చెమటలు కక్కుతూ వచ్చాడు. పేరు కొమురయ్య, నెక్కొండ దగ్గర మిర్చి రైతు. చలానా కట్టి, జాబితా చదివి, అక్కడే కూలబడ్డాడు.

“అన్నం అని రాసిన్రేంది సార్? అండ్ల మా ఆమె పుస్తెలున్నయ్!”

స్కానింగ్ గదిలోకి లోహం పనికిరాదన్నారట. భార్య లక్ష్మి మెడలో పసుపుకొమ్ము కట్టుకుని పుస్తెలతాడు తీసి ఇచ్చింది. జేబులో ఉంటే జనంలో ఎవరైనా కొట్టేస్తారని ఈయన దాన్ని డబ్బా అడుగు గిన్నెలో దాచి, ఆ కంగారులో అద్దం ఎత్తడం మరిచిపోయాడు.

సమ్మయ్య లోపలికి పరుగెత్తాడు. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొమురయ్య తన చేత్తోనే విప్పాడు. పై రెండు గిన్నెల్లో పెరుగన్నం. అడుగు గిన్నెలో రుమాలు మూట, అందులో పుస్తెలు.

ఇక చూసేదేముంది, సంతకం పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. పుస్తెలు, గుండ్లు లెక్క చూసుకోమన్నాను. కారు చుట్టూ తిప్పి ఫొటోలతో సరిపోల్చి చూపించాను. అంతలో లక్ష్మి తన చెల్లెలితో ఆటో దిగింది.

“బువ్వల వెట్టినవా? ఆకలైతే మింగేటోనివేమో!” అంది మొగుడితో, బల్ల మీది డబ్బా, పుస్తెలు చూసి.

“నవ్వకే, పానం పోయింది.”

“తియ్యి, ఇగ కట్టు.”

ఆయన తాడు మెడలో వేసి కడుతుంటే చెల్లెలు కొక్కెం పట్టుకుంది. సమ్మయ్య, నేను బయటికెళ్లి నిలబడ్డాం. తర్వాత పులిసిన అన్నం పారబోసి, డబ్బాను తనే కడిగి ఇచ్చాడు సమ్మయ్య.

ఆ రోజు పొరపాటు కొమురయ్య ఒక్కడిదే కాదు. చూడనిదాన్ని చూసినట్టు రాశాను. డబ్బా పోయి ఉంటే, నా సంతకం ఉన్న కాగితం ప్రకారం పోయింది అన్నమే. ఆయన మాట ఎవరూ నమ్మేవారు కాదు. అప్పటినుంచి బండి విడిపించుకునేవాళ్లకు గేటు లోపలే అన్నీ చూసుకోండి, సంతకం ఆఖరున పెట్టండి అని చెప్పేవాణ్ణి. మా జాబితాలో మాత్రం ఇలా రాసేవాళ్లం: ‘స్టీలు డబ్బా ఒకటి. మూత వేసి ఉంది. లోపల ఏముందో చూడలేదు.’