మామ్మ కథలో పిట్టపిల్ల

మా మామ్మ కథల్లో ఎవరూ ఒక్కసారిగా పిట్ట అయిపోరు. ముందు మాట పోతుంది. తర్వాత చేతులు తేలికవుతాయి. ఆఖరున ఒంటి మీద ఈకలొస్తాయి. "పిట్టగా మారిపోయింది" అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆమెకి ఒళ్లు మండేది.

"మనిసి పిట్టవ్వడమంటే సొక్కా మార్చుకున్నట్టేటి?" అనేది.

డెబ్బైల చివర్లో మేం హిందీ మాట్లాడే ఊళ్లో, నాన్న ఫ్యాక్టరీవాళ్లిచ్చిన గోల్‌మురి క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న డ్యూటీకి సైకిలెక్కగానే మా చెల్లి మామ్మ ఒళ్లో చేరేది. కథ వినేవాళ్లు ఊ కొట్టాలి కదా, అది మాత్రం తర్వాతేంటని వీధిలో నేర్చుకొచ్చిన హిందీలో "ఫిర్?" అనేది.

"నీ ఇందీకి నా కథ కదల్దే" అని మామ్మ మూతి ముడుచుకుని కూర్చునేది. చెల్లి ఏడుపు ముఖంతో ఊ కొట్టేది, కథ కదిలేది. ఇద్దరూ ఇద్దరే, జగమొండి ఘటాలు.

మామ్మకి ఒక పట్టింపు. పిట్టైన పిల్లని మళ్లీ మనిషిని చెయ్యందే కథ ఆపకూడదు. ఆపితే ఆ పిల్లకి ఇల్లు దొరకదట. పొయ్యి మీద అన్నం మాడుతున్నా సరే, పిల్లని ఇంటికి చేర్చాకే లేచేది.

ఆ వానాకాలం చెల్లికి జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆసుపత్రి మంచం మీద కథ అడిగింది. అడవిలో తప్పిపోయిన పిల్ల కథ మామ్మ మొదలుపెట్టింది. ఆ పిల్లకి ఈకలొచ్చేదాకా ఊ వినబడింది. తర్వాత వినబడలేదు. నిద్రపోయిందనుకుని మామ్మ ఆగింది. నిద్ర కాదు. ఇప్పటికీ ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.

కర్మలయ్యాక ఒక మధ్యాహ్నం మామ్మ గుమ్మంలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే కథ అందుకుంది, ఆగిన చోటినుంచే. పిట్ట ఎగిరొచ్చి సొంతింటి చూరు మీద వాలింది. తల్లి గుర్తుపట్టి నూకలు చల్లింది. ఒక్కో నూక తింటుంటే ఒక్కో ఈక రాలుతోంది. ఊ కొట్టేవాళ్లు లేరని నేనే కొట్టాను.

లోపల బియ్యం చెరుగుతున్న అమ్మ చేట పడేసి పరుగెత్తుకొచ్చింది. మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీ అత్తా, నీ కాళ్లట్టుకుంటాను. దాన్ని పిట్టలాగే ఉండనీ. మనిసైతే మళ్లీ సచ్చిపోద్ది."